వేపచెక్క కషాయం, నేను అడగని ప్రశ్న

ఉద్యోగం నుంచి దిగి ఎనిమిది నెలలైంది. ఇంట్లో ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. పేపరు తీస్తాను, సగం చదివి పక్కన పడేస్తాను. టీ పెట్టుకుంటాను, చల్లారాక గుర్తొస్తుంది. "కాలు కాలిన పిల్లిలా ఆ తిరుగుడేంటి, హాయిగా కూర్చోవచ్చు కదా," అంటారు మా ఆయన. కూర్చుంటే ఆలోచనలు పెరుగుతాయి. అందుకే ఇది రాస్తున్నాను.

ప్రభుత్వ ఆయుర్వేద డిస్పెన్సరీల్లో డాక్టరుగా పనిచేశాను. మొదట రాజాం దగ్గర, తరవాత చాలాకాలం నెల్లిమర్ల నుంచి రామతీర్థం వెళ్ళే దారిలో ఒక చిన్న ఊళ్ళో. నాకు వీడ్కోలు ఇచ్చిన రోజున, నా స్థానంలోకి వచ్చిన అమ్మాయి అడిగింది. "మేడం, మీరు వేపని ఎక్కువగా వాడేవారట. ఏ జబ్బుకి ఎంత ఇవ్వాలో రాసిపెడతారా?"

ఏ జబ్బుకి ఎంతో పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఆ అమ్మాయి పరీక్షలకి అదంతా చదివే వచ్చింది. ఎవరికి ఇవ్వకూడదో కూడా వాటిల్లోనే ఉంటుంది, ఒక్క ముక్కలో. ఆ ఒక్క ముక్క కోసం ఎదుటి మనిషిని ఎలా అడగాలో మాత్రం ఉండదు. అది నేర్చుకోవడానికి నాకు ఒక ఆడమనిషి కడుపు మూల్యమైంది. కాకపోయి కూడా ఉండొచ్చు. ఆ రెండు వాక్యాల మధ్యే నేను ఇన్నేళ్ళుగా తిరుగుతున్నాను.

ఆకుతో మొదలు

ముందు చిన్న తప్పు చెబుతాను.

రాజాం దగ్గర ఉన్నప్పుడు ఒక ఆడపిల్లల హాస్టల్‌ నుంచి కబురొచ్చింది. పిల్లలందరికీ గజ్జి. వేళ్ళ సందుల్లో, మోచేతుల దగ్గర, నడుం చుట్టూ పొక్కులు. గోకి గోకి చీము పట్టాయి. నేను అప్పుడే కొత్త. వేప మీదా నా చదువు మీదా చాలా నమ్మకం. వేపాకు కాచిన నీళ్ళతో స్నానం చేయించమన్నాను. లేత ఆకు, పచ్చిపసుపు కలిపి నూరించి ఒళ్ళంతా పట్టించాను. మూడో రోజుకి పిల్లల ముఖాలు తేటపడ్డాయి, దురద తగ్గిందన్నారు. నేను గాల్లో తేలిపోయాను.

పక్కనే ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుగారు మనిషి చేత కబురు పెట్టారు, పూయడానికి మందు సీసాలు ఉన్నాయి, పంపమంటారా అని. అక్కర్లేదన్నాను. రెండు వారాలకి గజ్జి మళ్ళీ తిరగబెట్టింది, ఈసారి వంటమనిషికి కూడా అంటుకుంది. ఒక పిల్ల రెండు చేతులూ నా ముందు చాపి, "టీచరమ్మా, ఆకు నూరద్దు, మంట పుడతన్నాది. ఇంకేటైనా ఇయ్యండి," అంది. నేను టీచర్ని కాను. ఆ పిల్లకి చదువుకున్న ఆడవాళ్ళందరూ టీచర్లే.

సిగ్గు చంపుకుని ఆ సీసాలు తెప్పించాను. దుప్పట్లు, బట్టలు మరిగించి ఎండేయించాం. పిల్లలందరికీ ఒకే రోజు మందు పూయించాం. తగ్గింది.

వేపాకు దురదని తగ్గిస్తుంది, పుండుని శుభ్రంగా ఉంచుతుంది. అది చిన్న మేలు కాదు. కానీ చర్మంలో దూరి గుడ్లు పెట్టే పురుగు మీద ఒక్క ఆకునే నమ్ముకుని కూర్చోకూడదు. వేప సర్వరోగాలకీ మందు అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. అలా అనేవాళ్ళే ఆ చెట్టుకి చెడ్డపేరు తెస్తారు. ఒక కాలంలో నేను కూడా అందులో ఒకదాన్ని.

అప్పలస్వామి

నెల్లిమర్ల వైపు బదిలీ అయినప్పుడు అక్కడ కాంపౌండరు అప్పలస్వామి. నాకంటే పదేళ్ళు పెద్ద. చదువు తక్కువ, చేతిలో పని ఎక్కువ. కాగితం మీద నేను ఆయన పై అధికారిని. బెరడు విషయంలో ఆయనే నా గురువు.

మొదటి నెలలో ఒక వ్యాపారి మూట పంపాడు, వేపచెక్క అని. నేను చూసి సంతకం పెట్టబోయాను. అప్పలస్వామి ఒక ముక్క తీసి విరిచాడు, నాలిక మీద పెట్టుకున్నాడు, కిటికీ లోంచి ఉమ్మేశాడు.

"ఇది వేప కాదమ్మా. వేపయితే ఈపాటికి నా మొహం ఇలగ ఉండదు. మీరూ సూడండి."

నోట్లో పెట్టుకున్నాను. వగరుగా ఉంది, చేదు లేదు. ఏ చెట్టు బెరడో ఇప్పటికీ తెలీదు. మూట తిప్పి పంపాం. ఆ తరవాత నా నాలిక మీద పెట్టుకోకుండా ఏ చెక్కనీ లోపలికి రానివ్వలేదు.

బెరడు ఎలా తీయాలో కూడా ఆయనే చూపించాడు. మొదలు చుట్టూ ఒలిస్తే చెట్టు చచ్చిపోతుంది. కొమ్మలు నరికినప్పుడు ఆ కొమ్మల నుంచే తీసుకోవాలి. పైన పెళుసుగా, నల్లగా ఉండేది గీకి పారేసి, లోపలి చెక్కని నీడలో ఆరబెట్టాలి. జ్వరానికి కషాయం పెడితే నీళ్ళు నాలుగో వంతుకి మరగాలి. చిగుళ్ళ నుంచి రక్తం కారితే అదే చెక్క పొడి వేసిన గోరువెచ్చటి నీళ్ళతో పుక్కిలించాలి. ఇవన్నీ నాకు కాలేజీలో చెప్పారు, కానీ చేత్తో నేర్పింది ఆయన.

అయితే ఆయనకి ఒక అలవాటు ఉండేది. జ్వరానికి వేపచెక్క చీటీ పట్టుకుని వయసులో ఉన్న ఏ ఆడమనిషి వచ్చినా, మందు గది గుమ్మంలోనే అందరికీ వినబడేలా అడిగేవాడు. "ఏటి తల్లీ, నీళ్ళోసుకున్నావేటి? నెల తప్పితే సెప్పు, సెక్క ఇవ్వను." ఆడవాళ్ళు తలలు దించుకునేవారు. కొందరు నవ్వి, "అయ్యో, ఏటి మావా ఆ మాటలు!" అనేవారు. పెళ్ళికాని పిల్ల ఒకతె ఒకరోజు ఏడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

నాకు చాలా కోపం వచ్చింది. ఆయన్ని గదిలోకి పిలిచి తలుపు వేశాను.

"అలా నలుగురిలో అడగొచ్చా? ఇది ఆసుపత్రా, రచ్చబండా? ఇకమీదట మీరు అడగకండి. అడగాల్సింది నేను అడుగుతాను."

ఆయన తువ్వాలు భుజం మీద సర్దుకున్నాడు. "మా అమ్మ మందులిచ్చీది అమ్మా. ఆవిడ సెప్పిన మాటది. కడుపుతో ఉన్నోళ్ళకి వేపసెక్క పడదు అని."

"నాకూ తెలుసు. నేను చూసుకుంటాను."

"అలగేనమ్మా," అన్నాడు. మళ్ళీ ఎప్పుడూ ఎవరినీ అడగలేదు.

నేను చెప్పింది తప్పు కాదు. అలా నలుగురిలో అడగకూడదు. కానీ ఉన్న కంచెని పీకేసినదాన్ని, అంత గట్టి కంచె ఇంకొకటి వేయాలి కదా. నేను వేసింది గడ్డిపోచ.

గౌరి

అది జరిగిన ఏడాదిన్నరకి, ఊడుపుల రోజుల్లో, గౌరి వచ్చింది. పొరుగూరి అమ్మాయి, ఇరవై రెండేళ్ళుంటాయి. భర్త జూట్ మిల్లులో పనికి వెళ్ళేవాడు. గౌరి, ఆమె అత్త పైడమ్మ పొలం పనులకి పోయేవారు. ఆరు రోజులుగా రోజు మార్చి రోజు జ్వరం. ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష చేయించారు, మలేరియా కాదన్నారు. వాళ్ళిచ్చిన మాత్రలకి తగ్గి, మళ్ళీ వచ్చింది.

నాడి చూశాను. నాలిక చూశాను. పక్కనే పైడమ్మ కోడలి భుజం మీద చెయ్యేసి నిలబడి ఉంది. మంచి మనిషే. కోడలికి ఎండ తగలకుండా దారంతా తన పైట కప్పి తీసుకొచ్చింది.

"నెలసరి సరిగ్గా వస్తోందా?" అని అడిగాను.

"అన్నీ బాగానే ఉన్నాయమ్మా. దానికి జొరమొకటే," అంది పైడమ్మ.

గౌరి నేల చూసింది. నేను ఆ చూపు చూశాను. చూసి, సిగ్గు అనుకున్నాను. బయట ఇంకా పదిమంది ఉన్నారు. చీటీ రాసేశాను. వేపచెక్క కషాయం, రెండు పూటలా, వారం రోజులు. అప్పలస్వామి పొట్లాలు కట్టి ఇచ్చాడు.

జ్వరం నాలుగో రోజుకి తగ్గిందట. తొమ్మిదో రోజున పైడమ్మ ఒక్కతే వచ్చింది.

"కోడలికి నీరసం తగ్గడానికేటైనా ఇయ్యమ్మా. కడుపు పోనాది దానికి. రెండో నెలంట. నాకు తెలీనేదమ్మా, ముండ ఒక్క మాట సెప్పనేదు. సెప్పకుండా ఊడుపులకి ఒచ్చీసింది. రోజంతా నడుం వంచి నాటితే ఉంటాదేటి?"

పైడమ్మకి కషాయం గురించి అనుమానం లేదు. ఆమె దృష్టిలో తప్పంతా ఊడుపులది, చెప్పని కోడలిది. నేను ఆ మాట సరిదిద్దలేదు. నీరసానికి లేహ్యం రాసిచ్చి పంపాను.

ఆమె వెళ్ళాక మందు గదిలోకి వెళ్ళాను. అప్పలస్వామి అంతా విన్నాడు.

"మీకు అనుమానం రాలేదా? చీటీ చూసినప్పుడు ఒక్క మాట నాతో అనొచ్చు కదా," అన్నాను. నా తప్పు ఆయన మీదకి తోయడానికి వెళ్ళానని ఇప్పుడు తెలుస్తోంది.

ఆయన నా ముఖం చూడలేదు. "అడగొద్దన్నారు కదమ్మా. అడగనేదు," అన్నాడు.

ఇద్దరు పెద్దల సలహా

ఆ వారమే విజయనగరం వెళ్ళి, నాకు తెలిసిన ఒక స్త్రీవైద్య నిపుణురాలిని కలిశాను. జరిగింది జరిగినట్టు చెప్పాను.

"జ్వరానికే పోయి ఉండొచ్చు. నీ కషాయానికీ పోయి ఉండొచ్చు. ఏ కారణమూ లేకుండా కూడా మొదటి నెలల్లో పోతుంటాయి. ఇదీ అని చెప్పడం నా వల్ల కాదు, ఇంకెవరి వల్లా కాదు. కానీ నువ్వు ఇవ్వకుండా ఉండాల్సింది," అన్నారావిడ.

న్యాయమైన మాట. నేను అందులో మొదటి ముక్కలు దాచుకుని, చివరి ముక్క వదిలేసి ఇంటికొచ్చాను.

మా పై అధికారికి కూడా చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, కంగారు మనిషి. "అమ్మా, వాళ్ళు అడిగారా? లేదు. నిరూపణ ఉందా? లేదు. మరి మీ అంతట మీరు రాసి ఎవరికి మేలు? రేపు ఊరంతా చెట్టు మందు తాగితే కడుపు పోతుందంటారు. డిస్పెన్సరీ మూసుకోవాలి. వదిలేయండి," అన్నారు.

వదిలేశాను. నా రిజిస్టరులో గౌరి పేరు ఎదురుగా "జ్వరం తగ్గినది" అనే ఉంది. నేను రాసిన మొత్తం అక్షరాల్లో అంత నిజమూ అంత అబద్ధమూ అయినవి ఇంకేవీ లేవు.

పని పద్ధతి మాత్రం మార్చాను. లోపలి గదిలో బరువు చూసే యంత్రం పెట్టించాను. ఆడవాళ్ళు ఎవరొచ్చినా, "రా అమ్మా, బరువు చూద్దాం," అని ఒంటరిగా లోపలికి తీసుకెళ్ళేదాన్ని. అత్తలు, అమ్మలు, భర్తలు బయటే. అక్కడ మెల్లగా అడిగితే, బయట "అన్నీ బాగానే ఉన్నాయి" అన్నవాళ్ళే లోపల వేళ్ళమీద రోజులు లెక్కపెట్టేవారు. షుగరు మాత్రలు వాడుతూ దాచేవాళ్ళు కూడా అక్కడే బయటపడేవారు. వాళ్ళకీ వేప జాగ్రత్తగానే ఇవ్వాలి, మాత్రకి ఇది తోడై షుగరు మరీ పడిపోవచ్చు.

ఈ పద్ధతి పెట్టుకున్నాక నా మనసు కొంత కుదుటపడింది. తప్పు దిద్దుకున్నాననుకున్నాను. ఇకమీదట వచ్చేవాళ్ళ విషయంలో దిద్దుకున్నాను, అంతే. అప్పలస్వామి రిటైరయ్యాడు. ఏళ్ళు గడిచాయి.

చివరి వారం

నేను దిగిపోవడానికి ఐదు రోజుల ముందు గౌరి వచ్చింది. నేను గుర్తుపట్టాను. ఒళ్ళు చేసింది, కళ్ళద్దాలు వచ్చాయి. మధ్యలో ఆమెకి ఒక ఆడపిల్ల పుట్టిందనీ, తొమ్మిదేళ్ళనీ చెప్పింది. చిగుళ్ళ నుంచి రక్తం కారుతోందట. దంతవైద్యుడికి చూపించుకోమని చీటీ రాసి, ఈలోపు పుక్కిలించడానికి వేపచెక్క పొడి నేనే పొట్లం కడుతున్నాను.

ఆమె పొడి వాసన చూసింది. "ఆ యేడు జొరానికిచ్చిన సెక్కేనేటమ్మా ఇది? దాని సేదు ఇప్పటికీ మరిసిపోనేదు నాను."

"అదే," అన్నాను. పొట్లం కట్టడం ఆపేశాను. "కూర్చో గౌరీ. నీకొక మాట చెప్పాలి."

చెప్పాను. నెల తప్పినవాళ్ళకి ఆ కషాయం ఇవ్వకూడదని. నేను మీ అత్త ముందు అడిగానని. ఆ రోజు నీ చూపు చూసి కూడా వదిలేశానని. కడుపు దానివల్లే పోయిందో, జ్వరంవల్ల పోయిందో, దానంతటదే పోయిందో ఎవరూ చెప్పలేరని. అన్నీ చెప్పాను.

గౌరి కళ్ళద్దాలు తీసి పైటతో తుడుచుకుంది. తరవాత, "నాకు తెలుసమ్మా, నెల తప్పిందని," అంది. "అంతకుముందు ఒకపాలి తప్పితే మా అత్త ఊరంతా సెప్పీసింది. వారానికే ముట్టొచ్చీసింది నాకు. ఎంత సిగ్గు. ఈపాలి మూడు నెలలూ నిండనీ, అప్పుడు సెప్దామనుకున్నాను. సెప్పనేదు కాబట్టి ఊడుపులకెళ్ళాల్సొచ్చింది. కడుపు పోనాక మా అత్త అన్నాది, నీ సేతులారా సంపీసుకున్నావే అని. ఇప్పటికీ కోపమొస్తే అదే మాట అంటాది. నానూ అదే అనుకున్నాను. పాప పుట్టినాక కూడా, ఊడుపులకెళ్ళిన ప్రతిపాలీ అదే గేపకం."

పన్నెండేళ్ళుగా నా తప్పు నాలోనే ఉంది, నేనే మోస్తున్నాను అనుకున్నాను. నేను మోసింది ఏమీ లేదు. బరువంతా ఆమె మీద ఉంది. ఒక్క మాట చెప్పి ఉంటే సగం దిగేది.

"అప్పుడే సెప్పుంటే పోయేది కదమ్మా!" ఆమె గొంతు పెద్దదైంది. బయట ఉన్నవాళ్ళు తొంగిచూశారు. "మీరు సదువుకున్నోరు. మీరు అంటే మా అత్త ఇనీది. ఇన్నేళ్ళు నోరెత్తనేదేటి?"

"భయపడ్డాను," అన్నాను.

ఆమె లేచింది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "మా అత్తకి సెప్తారా? నా ఎదర?"

ఆ మధ్యాహ్నమే వాళ్ళ ఇంటికి వెళ్ళాను. పైడమ్మ బాగా పెద్దదైపోయింది, చెవులు సరిగ్గా వినబడవు. మూడుసార్లు గట్టిగా చెప్పాల్సొచ్చింది. డాక్టరమ్మ తన తప్పుని వీధికంతా వినబడేలా అరిచి చెప్పుకోవడం అదే మొదటిసారి. పక్కింటివాళ్ళు కూడా విన్నారు. మంచిదే.

అర్థమయ్యాక పైడమ్మ నన్ను వదిలేసి కోడలి వైపు తిరిగింది.

"ఓలె గౌరీ. ఆవిడ నిన్నడిగితే నానే జవాబు సెప్పీసాను కదే."

"అవునత్తా."

"నన్నొక మాట అనకపోయావా?"

పైడమ్మ చెయ్యి చాపింది. గౌరి ఆ చెయ్యి పట్టుకోలేదు. కానీ పక్కనే చాప మీద కూర్చుంది. నాకు మంచినీళ్ళు ఇచ్చి పంపారు.

నన్ను సాగనంపుతూ వీధి మలుపు దాకా వచ్చి గౌరి అడిగింది. "నాలాగ ఇంకెంతమందమ్మా?"

ఇప్పుడు

తెలీదు. అప్పలస్వామిని అడగొద్దన్న రోజు నుంచి గౌరి దాకా ఏడాదిన్నర. ఆ మిగిలిన నాలుగు రోజులూ అప్పటి రిజిస్టర్లు తీసి చూసి జాబితా రాసుకున్నాను. జ్వరానికి వేపచెక్క తీసుకున్న, వయసులో ఉన్న ఆడవాళ్ళు. అందరి పేర్ల ఎదురుగా నా చేతిరాతలో అదే మాట, "జ్వరం తగ్గినది". చాలామందికి ఏమీ అయి ఉండదు. కానీ ఎవరికి కాలేదో నేను అడిగి తెలుసుకోలేదు.

ఇప్పుడు అడుగుతున్నాను. ఒకరి తరవాత ఒకరి ఇంటికి వెళ్తున్నాను, ఆమె ఒంటరిగా దొరికే వేళ చూసుకుని. ఒకావిడ పకపకా నవ్వింది. "నాకప్పటికి పెళ్ళే కానేదు, దీనికోసం ఇంతదూరం వచ్చీసారేటమ్మా!" అని, పనసపండు కోసి పెట్టింది. ఇంకొకావిడ అంతా విని, "సరేనమ్మా," అని తలుపు వేసేసింది. ఆ "సరే" ఏమిటో నాకు తెలీలేదు. మళ్ళీ తట్టే హక్కు నాకు లేదు.

నా స్థానంలోకి వచ్చిన అమ్మాయికీ, ఆమె తరవాత వచ్చేవాళ్ళకీ నేను చెప్పేది పెద్దగా లేదు. చెట్టు మంచిదే. ఆకు మంచిదే, చెక్క మంచిదే. మీరు పొరపడతారు, అది తప్పదు. పొరపడిన రోజునే, ఆ మనిషి ఎదుటే, ఆమెకి అర్థమయ్యే మాటల్లో చెప్పేయండి. నిరూపణ ఉందా అని మీ పై అధికారి అడుగుతారు. ఉండదు. అయినా చెప్పండి. మీరు చెప్పకపోతే ఆ ఖాళీలో ఆమె తన పేరు రాసుకుంటుంది.

జాబితాలో తరవాతి ఆవిడ రాజాంకి కాపురం మారిందట. బట్టల దుకాణంలో పనిచేస్తోందనీ, మధ్యాహ్నం రెండింటికి భోజనానికి బయటికొస్తుందనీ తెలిసింది. మా ఆయన గుమ్మం దగ్గర గొడుగు పట్టుకుని నిలబడ్డారు, ఈ ఎండలో వెళ్ళాలా అని. పదకొండింటి బస్సు దొరికితే ఆవిడని సరిగ్గా అందుకుంటాను.